రాజవ్వ పేరున్న గంజు

మా ఇంట్లో నా పేరున్న గిన్నె ఒక్కటీ లేదు. నా పేరున్న గిన్నెలన్నీ ఇతరుల ఇళ్ళలో ఉన్నాయి. జనగామలో మా మేనకోడలి ఇంట్లో ఒక బిందె, కాజీపేటలో ఒక స్నేహితురాలి ఇంట్లో ఒక పెద్ద పళ్ళెం, ఇంకా ఎక్కడెక్కడో నేను మరిచిపోయిన చెంబులు. నేను రోజూ అన్నం తినే పళ్ళెం మీద మాత్రం మా మేనత్త పేరు ఉంటుంది. ఆవిడ పోయి చాలా ఏళ్ళయింది. రెండు పూటలా ఆవిడ పేరు మీద పప్పు పోసుకుంటూనే ఉన్నాను. మా వైపు అందరికీ తెలిసిన సంగతే ఇది. పెండ్లికో, కొత్త ఇంటికో సామాను పెడితే, పెట్టినవాళ్ళు దాని మీద తమ పేరు కొట్టించి పెడతారు. ఉంచుకునేవాళ్ళ పేరు ఎవరూ కొట్టించరు. గిన్నె ఎవరిదని అడిగితే ఇంటివాళ్ళు చెబుతారు, ఎవరు పెట్టారని అడిగితే గిన్నే చెబుతుంది.

ఇంత సులువైన సంగతి నాకు తెలియదని కాదు. నేను పుట్టి పెరిగిందే గిన్నెల దుకాణంలో. అయినా వరద పోయిన ఒక ఊళ్ళో మైకు పట్టుకుని, సగం ఊరి సామాను తప్పుడు ఇళ్ళకు పంపిన ఘనత నాదే. అది ఎట్లా జరిగిందో చెప్పాలంటే ముందు మా దుకాణం సంగతి చెప్పాలి.

జనగామలో స్టేషనుకు పోయే రోడ్డు మీద మా బాపు దుకాణం. ముందర దుకాణం, వెనక ఇల్లు, మధ్యలో ఒక గోనెపట్టా తెర. తెరకు ఇటువైపు బేరం, అటువైపు వంట. నా చిన్నతనమంతా ఆ తెర కింద నుంచి అటూ ఇటూ దూరడంలోనే గడిచింది. పొద్దున్నే బాపు తలుపు పలకలు ఒక్కొక్కటే తీసి, కాంటాకు దండం పెట్టి కూర్చునేవాడు. బోణి అయ్యేదాకా చాయ్ ముట్టేవాడు కాదు. ఆయన తాగకపోతే ఇంట్లో ఎవరూ తాగకూడదు. బోణి ఆలస్యమైన రోజు అమ్మ తెర వెనక నుంచి, "జర తగ్గించి ఇయ్యరాదు, నా నెత్తి పలుగుతున్నది" అని బాపుకు మాత్రమే వినపడేంత గొంతుతో అనేది. అది గిరాకికి కూడా వినపడేది. తెలివైనవాళ్ళు పొద్దున్నే వచ్చి, బేరం సగంలో ఆపి, అమ్మ తలనొప్పి కోసం ఎదురుచూసేవాళ్ళు. బాపు లాభంలో సగం అమ్మ చాయ్‌కే పోయిందని మా ఇంట్లో ఒక లెక్క.

స్టీలుకు వాసన ఉండదంటారు. గడ్డి చుట్టి పెట్టెల్లో వచ్చిన కొత్త స్టీలుకు ఎండుగడ్డి వాసన, సన్నని నూనె జిడ్డు వాసన కలిసి ఉండేవి. పాత ఇత్తడికి చింతపండు వాసన, బూడిద వాసన. పల్లెల నుంచి బండ్ల మీద పాత ఇత్తడి తెచ్చి కొత్త స్టీలు పట్టుకుపోయే రోజులవి. బాపు పాత బిందెను కాంటా మీద పెట్టి, తరుగు ఇంత అని తీసేసేవాడు. "తరుగు ఎందుకు?" అని నేను అడిగితే, "సొట్టలుంటయి బిడ్డా, సొట్టల ఇత్తడి ఉండదు గద" అనేవాడు. సొట్టపడినా బరువు తగ్గదని నాకు తెలిసేసరికి నేను కూడా తరుగు తీయడం మొదలుపెట్టాను.

దుకాణం మెట్టు మీద మొగిలయ్య అని ఒకాయన కూర్చుని గిన్నెల మీద పేర్లు కొట్టేవాడు. సన్నని ఉలి, చిన్న సుత్తి. చుక్క పక్కన చుక్క, అట్లా అక్షరం. నేను ఆయనకు ఎదురుగా కూర్చునేదాన్ని కాబట్టి అక్షరాలు మొదట తలకిందులుగా నేర్చుకున్నాను. బడిలో మొదటిరోజు పుస్తకం తిప్పి పట్టుకుని చదివానని మావాళ్ళు ఇప్పటికీ చెప్పుకుంటారు. అక్షరానికి ఇంత అని బాపు ధర పెట్టాడు కాబట్టి జనం తమ పేర్లను తామే కత్తిరించుకునేవాళ్ళు. ఇంటిపేరు పోయేది, ఊరు పోయేది. "మేనమామ" అన్న మాట మాత్రం ఎవరూ వదిలేవారు కాదు. ఒకాయన తన పేరే వదిలేసి ఉత్త "మేనమామ" అని కొట్టమన్నాడు. "పేరు లేకుంటె ఎవరు పెట్టిండ్రో ఎట్ల తెలుస్తదే?" అని మొగిలయ్య అడిగితే, "మా చెల్లెకు అన్నను నేనొక్కన్నే. ఇంకెవడు పెడ్తడు" అన్నాడాయన.

బేరం నాకు బాపు నేర్పలేదు, చూస్తుంటే అంటుకుంది, గజ్జిలాగా. ముందు ధర చెప్పినవాడు సగం ఓడినట్టే అనేవాడు. గట్టిగా అరిచే గిరాకితో భయం లేదు, వాళ్ళు కొనడానికే వచ్చారు. నోరు విప్పని గిరాకితోనే జాగ్రత్త. "గసొంటోళ్ళ ముంగట మనకు మనమే ధర తగ్గించుకుంటం బిడ్డా. ఆళ్ళు ఏమన్నా అనకముందే మన అంగీ ఇప్పి చేతిల పెడ్తం." ఈ మాటకు నేను నవ్వేదాన్ని. ఇన్నేళ్ళ తర్వాత ఒక ముసలమ్మ గడపలో నా అంగీ పోయింది కాబట్టి ఇప్పుడు నవ్వను.

తెరకు అటువైపు లెక్కలు వేరు. పక్కింటివాళ్ళు గిన్నెలో ఏదైనా పంపితే అమ్మ ఆ గిన్నెను ఖాళీగా తిప్పి పంపేది కాదు. ఏమీ లేకపోతే గుప్పెడు పుట్నాలు, నాలుగు పచ్చిమిరపకాయలు, కరివేపాకు రెమ్మ. బాపు చూసి, "అప్పు లేనికాడ వడ్డీ కడ్తున్నది మీ అమ్మ" అనేవాడు. "ఉత్తది పంపితె ఆళ్ళ గిన్నె ఆళ్ళ మొకాన కొట్టినట్టుంటది" అని అమ్మ. ఆ గిన్నెలు మోసే కొలువు నాది. దారిలో పుట్నాలు సగం అయిపోయేవి. దాన్ని నేను సుంకం అనుకునేదాన్ని. కరివేపాకు పంపిన రోజు మాత్రం నిజాయితీగా చేర్చేదాన్ని.

తర్వాత పెండ్లయి మహబూబాబాద్ వచ్చాను. మేం మానుకోట అనే అంటాం. అక్కడా గిన్నెల దుకాణమే, కాకపోతే అత్తగారిది. ఇప్పుడు మా కోడలు చూసుకుంటుంది. నాకంటే గట్టి మనిషి, నేను పోయి పళ్ళెం అడిగినా ధర చెబుతుంది. చేతిలో పని లేదు కాబట్టి పొద్దున్నే మా వీధి ఆడవాళ్ళతో నడకకు పోతాను. మాలో అందరికంటే ముందు నడిచేది విజయ టీచరు. రిటైరై చాలా కాలమైనా ఆవిడ వెనక మేం ఇప్పటికీ వరుసలోనే నడుస్తాం.

ఆ వానాకాలం సముద్రంలో ఎక్కడో పుట్టిన వాయుగుండం మా మీదికి వచ్చి కూర్చుంది. మా వీధిలో మోకాలి లోతు నీళ్ళు వచ్చి, మాకు బుద్ధి చెప్పి పోయాయి. మా ఇళ్ళు కడుక్కుని నడుము పట్టుకుని కూర్చున్నామో లేదో, విజయ టీచరు వచ్చి భూపాలపల్లి దిక్కున వాగు ఒడ్డు ఊరొకటి నిండా మునిగిందని చెప్పింది. చిట్యాల దాటి టేకుమట్ల పోయే వైపు ఉంటుంది. ఆవిడ మొదటి ఉద్యోగం ఆ ఊళ్ళోనే. "మనుషులందరు మంచిగనే ఉన్నరట. ఇండ్లల్ల మాత్రం నడుం దాక బురదట. పోదామా?" అంది. బురద ఎత్తడం మాకు కొత్తగా వచ్చిన విద్య, మరిచిపోకముందే వాడాలి కదా. ఊరి పేరు నేను రాయను. ఈ కథలో ఉన్న అక్కాచెల్లెళ్ళు ఇద్దరూ ఆ ఊళ్ళోనే ఉన్నారు, ఇద్దరి నోళ్ళూ చక్కగా పనిచేస్తున్నాయి.

పారలు, తట్టలు, చీపుర్లు, బ్లీచింగ్ పౌడరు కొనే పని నాకే అప్పగించారు. బజారులో నేను చీపుర్ల ధర దగ్గర ఆగిపోయాను. దుకాణపాయన, "పుణ్యం పనికి గూడ బేరమా అక్కా?" అన్నాడు. "పుణ్యంల సగం నీకిస్త తమ్మీ, ధరల సగం నాకియ్యి" అన్నాను. ఆయన పుణ్యం అంతా నన్నే ఉంచుకోమన్నాడు.

నర్సంపేట మీదుగా వ్యానులో పోయాం. ఊరు కనపడకముందే వాసన కనపడింది, అట్లా అనడం తప్పే కానీ అట్లాగే అనిపించింది. నానిన వడ్లు, కిరసనాయిలు, తడిసిన బొంతలు, అన్నీ కలిసిన వాసన. ప్రతి గోడ మీదా నీళ్ళు ఎక్కడిదాకా వచ్చాయో చూపే గీత, ఊరంతటికీ ఒకే దారం పట్టి గీసినట్టు. ఒక ఇంట్లో వడ్ల బస్తాలు మొలకెత్తి, గదిలో నారుమడి పోసినట్టు పచ్చగా ఉంది. ఇంకో ఇంట్లో మిక్సీ గిన్నె మూత తీస్తే కప్ప ఉంది. ఆ ఇంటి కోడలు దాన్ని చూసి, "ఊరు మొత్తం అల్లకల్లోలమైతె ఈనికి ఒక్కనికే ఇల్లు దొర్కింది" అంది. మేం పోయేసరికి వాళ్ళు ఏడవడం అయిపోయి నవ్వడం మొదలుపెట్టారు. మాది మంచి సమయం.

బురద ఎత్తడంలో ఒక మెలకువ ఉంది. తడిగా ఉన్నప్పుడే ఎత్తాలి, ఆరితే రాయి అవుతుంది. అందుకని మాటలు తక్కువ, పార ఎక్కువ. నాకు ఇచ్చిన ఇల్లు కొంరవ్వది. డెబ్బై దాటిన మనిషి, గట్టి ఒళ్ళు, ఇంకా గట్టి నోరు. కొడుకు చెల్పూరు కరెంటు కార్ఖానాలో కూలిపనికి పోతాడు, ఇంట్లో ఉన్నది కోడలు సుజాత. మేం పార పట్టుకుంటే కొంరవ్వ గడపలో నిలబడి, "ఆ మూలకు పోలేదు నీ చెయ్యి", "పార ఎట్ల పట్టినవే, గంటె పట్టినట్టు" అని మేస్త్రీ పని చేసింది. సాయంత్రానికి గచ్చు కనపడింది. సుజాత మట్టి పొయ్యి మళ్ళీ అలికింది. సాయం బియ్యం, పప్పు, నూనె ఉన్న సంచి ఇంటింటికీ ముందే ఇచ్చారు. పొయ్యిలు వెలిగేదాకా ఊరంతటికీ వంట బడిలోనే, మా పడకా అక్కడే.

"ఇగ పొయ్యి ముట్టియ్యి అవ్వా. ఎన్నాళ్ళు బడిల తింటవు" అన్నాను.

"నా గంజు దొర్కనియ్యి" అంది కొంరవ్వ.

గంజు అంటే అన్నం వండే పెద్ద గిన్నె. ఆవిడది ఇత్తడిది, లోపల కళాయి పూత. వరద దాన్ని ఎటో పట్టుకుపోయింది. "వేరే గిన్నెల వండుకోరాదు?" అంటే, సుజాత నా వైపు చూసి వద్దన్నట్టు తల ఊపింది. ఆ మాట ఆ పిల్ల అప్పటికే చాలాసార్లు అని ఉంటుంది. కొంరవ్వ మెల్లగా చెప్పింది. అత్తవారింటి నుంచి వేరుపడి ఈ ఇంట్లోకి దిగిన రోజు, తనకు గరిటె కూడా లేదట. అదే ఊళ్ళో ఇచ్చిన అక్క ఆ గంజు నెత్తిన పెట్టుకుని వచ్చిందట. ఈ ఇంట్లో మొదటి అన్నం అందులోనే ఉడికింది. "ఇల్లు మల్ల మొదటికొచ్చింది గద బిడ్డా. మొదటి బువ్వ అండ్లనే ఉడకాలె. లేకుంటె నేను బడిలనే తింట." ఇంతకంటే సూటిగా ధర ఎవరూ చెప్పరు. ఆ గంజు దొరికితే ఆ ఇంట్లో పొయ్యి వెలుగుతుంది, దొరకకపోతే లేదు.

ఊరి సామాను కొట్టుకుపోయింది నిజమే కానీ చాలా దూరం పోలేదు. ముళ్ళకంపల్లో, పత్తిచేలలో చిక్కుకున్న గిన్నెలన్నీ మర్నాడు ఊరివాళ్ళు ట్రాక్టరులో వేసి తెచ్చి బడి ముందర పోశారు. బిందెలు, గంజులు, చెంబులు, మూతలు, అన్నీ ఒకే రంగు, బురద రంగు. మేం కడిగి వరుసగా పెట్టాం. ఇప్పుడు ఎవరివి ఎవరికి ఇవ్వాలి. విజయ టీచరు ఒక చెంబు ఎత్తి కళ్ళజోడు సర్దుకుని, "పేరుంది గాని చదవొస్తలేదు" అంది. నేను తీసుకుని, అలవాటుగా తలకిందులు చేసి, "మొండయ్య" అని చదివాను. అందరూ నన్ను చూశారు. చుక్కల అక్షరాలు చదివే మనిషి ఆ ఊళ్ళో నేనొక్కదాన్నే. ఎవరో నా చేతికి మైకు ఇచ్చారు.

మనిషి చేతికి మైకు వస్తే బుద్ధి తీగ వెంట పోతుంది. గిన్నె మీద ఉండేది పెట్టినవాళ్ళ పేరని, ఉంచుకున్నవాళ్ళది కాదని, నాకు పుట్టినప్పటి నుంచి తెలుసు. అది ఆ రోజు నా తలలోకి రాలేదు. "మొండయ్య, చెంబు." "సారమ్మ, బిందె." పిలుస్తూ పోయాను. మరి ఊరివాళ్ళు ఎందుకు ఆపలేదని మీరు అడగవచ్చు. ఆడవాళ్ళంతా ఇళ్ళల్లో బురద కడుగుతున్నారు, గిన్నెల కోసం వచ్చింది మగవాళ్ళు. మగవాళ్ళకు తమ ఇంటి గిన్నె ఏదో తెలియదు, తమ పేరు మాత్రం తెలుసు. పేరు వినపడగానే వచ్చి, గర్వంగా అందుకుని, భుజాన పెట్టుకుని పోయారు. "రాజవ్వ, ఇత్తడి గంజు" అన్నప్పుడు సమ్మయ్య అనే ఆయన వచ్చి, "మా అవ్వది" అని పట్టుకుపోయాడు.

ఆ సాయంత్రం ఊరు సంత అయింది. ప్రతి ఇంటి నుంచీ ఒక ఆడమనిషి తనది కాని గిన్నె పట్టుకుని వీధిలోకి వచ్చింది. "ఇది నేను నీ బిడ్డ పెండ్లికి పెట్టిందే, నా ఇంటికొచ్చింది", "మా బిందె యాడున్నదో ఎవరన్న జూసిండ్రా", "గా మానుకోట మైకమ్మకు జర చెప్పుండ్రి". వీధిలోనే గిన్నెలు చేతులు మారాయి. ఎప్పుడో ఎవరు ఎవరికి ఏం పెట్టారో ఊరంతటికీ మళ్ళీ గుర్తొచ్చింది. ఒకావిడ తను పెట్టిన పళ్ళాన్ని తిప్పి చూసి, "గింత పలుసటిది పెట్టిన్నా నేను" అని సిగ్గుపడింది. నేను వ్యాను వెనక దాక్కున్నాను. విజయ టీచరు వచ్చి, "గిన్నెల దుకాణంల పుట్టిన అని చెప్పుకుంటవు గద" అని మాత్రం అంది.

చీకటిపడేసరికి అన్నీ సర్దుకున్నాయి, ఒక్కటి తప్ప. కొంరవ్వ గంజు రాలేదు. అది ఆవిడ అక్క రాజవ్వ ఇంటి గడప దాటి లోపలికి పోయింది, బయటికి రాలేదు. "మీ అక్కే గద, పోయి తెచ్చుకోరాదు" అన్నాను. కొంరవ్వ మొహం అటు తిప్పుకుంది. "దానికి తెల్వదా అది నాదని? ఇచ్చిన సొమ్ము వాపసు తీసుకున్నదంటె తీసుకోనియ్యి. నేనైతె పోయి అడుగ." సుజాత నా చెవిలో, "ఇద్దరి మధ్య ఇన్నేండ్లల్ల మాట పట్టింపు ఒక్కటి లేదక్కా. నీ మైకు తోటి వచ్చింది" అంది. ఆ రాత్రి కూడా కొంరవ్వ బడిలోనే తిన్నది.

తెల్లవారగానే రాజవ్వ ఇంటికి పోయాను. ఆవిడ చెల్లెలి కంటే సన్నగా, పొడుగ్గా ఉంటుంది, మోకాళ్ళు వంగవు. గడపలో పీట మీద కూర్చుని, కొబ్బరిచిప్పతో తలుపు చెక్కకు పట్టిన బురద గీకుతోంది. పక్కనే గంజు. ఇటుక పొడితో తోమినట్టుంది, ఎండలో ధగధగలాడుతోంది. సొంతం చేసుకున్న మనిషి తోమినట్టు తోమింది అనుకున్నాను. అక్కడే నా లెక్క తప్పింది.

"అవ్వా, ఈ గంజు మీ చెల్లెది. నిన్న నేనే తప్పు పిలిచిన" అన్నాను.

"ఎర్కే బిడ్డా" అంది రాజవ్వ.

"మరి ఇస్తవా?"

"ఇస్త. ఇయ్యాల కాదు."

"ఇయ్యాల కాదు" అన్న మాటకు బజారులో అర్థం ఒక్కటే. నేను చీర కొంగు బిగించుకుని బేరంలోకి దిగాను. మా దుకాణం నుంచి కొత్త స్టీలు గంజు పంపిస్తానన్నాను. రాజవ్వ చెక్క గీకుతూనే ఉంది. మూతతో సహా అన్నాను. ఏమీ అనలేదు. మందపుది, అడుగుకు రాగి ఉన్నది అన్నాను. చిప్ప చప్పుడు తప్ప ఏమీ లేదు. బిందె కూడా కలుపుతాను, దాని మీద పేరు ఊరికే కొట్టిస్తాను, ఇంటిపేరుతో సహా అన్నాను. ఇంటిపేరుతో సహా అని నేను జీవితంలో ఎవరికీ అనలేదు. బాపు చెప్పిన గిరాకి ఇదే, నోరు విప్పనిది. నా అంగీ నేనే విప్పి చేతిలో పెడుతున్నాను.

రాజవ్వ చిప్ప పక్కన పెట్టి నన్ను చూసి నవ్వింది. "బేరం మంచిగనే చేస్తున్నవు గని బిడ్డా, నాకు బిందెలెందుకు." తర్వాత గంజును తన వైపు వంచి లోపల చూపించింది. లోపల ఏముంది, కళాయి తెలుపు. "దాన్ల ఏం ఏసియ్యాలె, చెప్పు. ఆనాడు దీన్ల నిండ బియ్యం పోసి, నెత్తిన పెట్టుకోని పోయిన. ఇయ్యాల నా గడప దాటిచ్చి ఉత్తది ఎట్ల పంపుదు? ఇంట్ల ఉన్న గింజలన్ని మొలకలెత్తినయి, ఉప్పు కరిగిపోయింది. మా సమ్మిగాడు బజారుకు పోయినంక ఏదన్న తెప్పిచ్చి, ఏసి పంపుదామనుకుంటున్న."

నేను ఆ మెట్టు మీదే కూర్చుండిపోయాను. గోనెపట్టా తెర, అమ్మ చేతిలో కరివేపాకు రెమ్మ కళ్ళ ముందుకొచ్చాయి. తెరకు ఇటువైపు నేర్చిన విద్య అంతా తీసి నేను తెరకు అటువైపు మనిషి ముందు పెట్టాను. ఆవిడ పట్టుకున్నది గంజును కాదు, తన మర్యాదను.

"సంచిల బియ్యం వచ్చినయి గద అవ్వా, అవి పోస్తె?" అన్నాను, ఇంకా బేరం వదలకుండా.

"గవి మీరిచ్చినయి. దానికి గూడ గదే సంచి, గవే బియ్యం. దానియి దానికి పోసిస్తె ఇచ్చినట్టెట్లయితది? నా ఇంట్లయి గావాలె గద."

"ఇంట్ల ఏం లేదా?"

"ఏం లేదు బిడ్డా. అటుక గూడ ఒక దిక్కు కూలింది. కుండలన్ని కిందబడ్డయి."

దుకాణాల్లో పెరిగినవాళ్ళకు ఒక జబ్బు ఉంటుంది. లేదు అంటే నమ్మలేం. సరుకు అయిపోయిందని మనమే గిరాకికి చెప్పి, వాళ్ళు పోయాక పై అర చూస్తాం. అటుక ఒక వైపే కూలిందంటే రెండో వైపు ఉన్నట్టే కదా. ఒక డ్రమ్ము బోర్లించి ఎక్కాను. నేను ఎత్తు తక్కువ, బరువు ఎక్కువ. డ్రమ్ము తన అభిప్రాయం చెప్పింది. కింద నుంచి రాజవ్వ, "దిగు బిడ్డా, నువ్వు పడితె నిన్నెవరు లేపుతరు, నాకు మోకాళ్ళు లేవు" అని అంటూనే ఉంది. పైన చీకట్లో చెయ్యి పెట్టి తడిమాను. సాలెగూళ్ళు, ఒక పాత జల్లెడ, ఇంకొంచెం లోపలికి గుడ్డ కట్టిన కుండ మూతి. గుడ్డ విప్పకముందే వాసన వచ్చింది. ఉప్పు కలిపి ముద్ద కట్టిన పాత చింతపండు. మా దుకాణంలో ఇత్తడి వాసన, తెర వెనక చారు వాసన, రెండూ ఒకేసారి. నీళ్ళు అంతెత్తు రాలేదు. కుండ ఎక్కడ పెట్టిందో అక్కడే ఉంది.

కుండ దించి ముందు పెట్టాను. రాజవ్వ దాంట్లో చెయ్యి పెట్టి, రెండు చేతులకూ పట్టినంత ముద్ద తీసి గంజులో వేసింది. చూసింది. ఇంకో ముద్ద వేసింది. తనకు మిగిలింది తక్కువని నాకు కనపడింది, కానీ ఈసారి నేను నోరు మూసుకున్నాను. సమ్మయ్యను పిలవకుండా, నా భుజం పట్టుకుని తనే లేచింది. గంజు నేను మోస్తానంటే ఇవ్వలేదు. నెత్తి మీద పెట్టుకుని, మోకాళ్ళు వంగని ఆ నడకతో, బురద తేలిన వీధిలో చెల్లెలింటికి నడిచింది. నేను వెనక నడిచాను, డ్రమ్ము మీంచి పడితే పట్టుకోవడానికి ఎవరూ లేని మనిషిని, ఆవిడ పడితే పట్టుకుందామని.

కొంరవ్వ గడపలోనే ఉంది. గంజు దించి ముందు పెడితే దాన్ని చూడలేదు, దాని లోపల చూసింది.

"గింజలు తియ్యకుంట తెచ్చినవు" అంది.

"నీ చేతులేమన్న అరిగిపోయినయా, తీసుకో" అంది రాజవ్వ.

కొంరవ్వ చాప జరిపింది. ఇద్దరూ కూర్చుని గింజలు తీయడం మొదలుపెట్టారు. గంజు ఎందుకు ఆలస్యమైందో ఒకరు చెప్పలేదు, ఒకరు అడగలేదు. సుజాత చింతపండును వేరే గిన్నెలోకి తీసి, గంజు కడిగి, ఎసరు పెట్టింది. అలికిన పొయ్యి ఇంకా తడిగా ఉండి పొగ నిండింది. అందరి కళ్ళూ నీళ్ళు కారాయి కాబట్టి ఎవరివి ఎందుకో లెక్క తేలలేదు. అన్నం, పచ్చిపులుసు. ఉల్లిగడ్డ నేను తెచ్చిన సంచిలోది, చింతపండు రాజవ్వది, నోరు కొంరవ్వది: "పార పట్టరాదు గని తినొస్తది మంచిగ." రెండోసారి అన్నం అడిగాను, నిజమే.

మేం వచ్చేటప్పుడు కొంరవ్వ ఒక స్టీలు డబ్బాలో పచ్చిపులుసు పోసి ఇచ్చింది. డబ్బా మీద "మేనమామ ఎల్లయ్య" అని ఉంది. అంటే డబ్బా కొంరవ్వదే, ఇప్పుడు నాకు ఎవరూ చెప్పనక్కర్లేదు. మా వీధిలో ఈ మధ్య ఏది పంపినా ప్లాస్టిక్ డబ్బాల్లో పంపుతున్నారు. హోటలు నుంచి వచ్చినవి, కడిగి దాచినవి. తిప్పి పంపనక్కర్లేదు, అందులో ఏం వేయాలో ఆలోచించనక్కర్లేదు. మంచి వసతి. నేను కూడా అట్లాగే పంపుతాను. కాకపోతే వాటితో పాటు పుట్నాల సుంకం కూడా పోయింది, సగం దారిలో నోరు ఆడించే పిల్లలూ కనపడటం లేదు. బాపు ఉంటే అప్పూ లేదు వడ్డీ లేదు, లాభమే అనేవాడు. అమ్మ తెర వెనక నుంచి ఏదో అనేది, గిరాకికి వినపడేంత గొంతుతో.

ఆ స్టీలు డబ్బా ఇంకా మా వంటింటి గూట్లో ఉంది. అందులో ఏం వేసి పంపాలో నెలల తరబడి తేలలేదు. సకినాలు అనుకున్నాను, కొంరవ్వకు పళ్ళు లేవు. బెల్లం అనుకున్నాను, మరీ బజారు సరుకు. మొన్న సుజాతకు ఫోను చేసి, అత్తకు ఇవ్వమన్నాను.

"డబ్బ తెస్త అవ్వా. ఏం ఏసుకరావాల్నో సమజైతలేదు, అందుకే ఆలస్యం."

"తొందరేం లేదు బిడ్డా" అంది కొంరవ్వ. "నువ్వు తెస్తె మల్ల నేను ఏదన్న ఏసి పంపాలె. మా మిరపతోట ఇప్పుడే పూతకొచ్చింది. కాయ ఎర్రవడ్డంక తే."